ఆ ఒక్క శాతం బుడమేట్లో ఉందా, లెక్కలో ఉందా? – సంభావ్యత పుస్తకాలతో నా అనుభవం

పద్నాలుగేళ్లుగా డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెబుతున్నాను. సంభావ్యత, అదే ప్రాబబిలిటీ, అంటే అసలు ఏమిటని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే బోర్డు మీద నిర్వచనం రాసి, కింద గీత గీసి, తర్వాతి లెక్కలోకి వెళ్లిపోయేవాణ్ని. చివరికి అడిగింది మా ఇంటి ఓనరు మామ్మగారు. వరద నీళ్ల మధ్య, పై పోర్షన్ వరండాలో కూర్చుని.

మేముండేది విజయవాడ సింగ్‌నగర్‌లో. కింద ముందు పోర్షన్‌లో మామ్మగారు, వెనక పోర్షన్‌లో మేము, పైన ఇంకో చిన్న పోర్షన్. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. పొద్దున కాఫీ తాగే వేళకి వీధిలో చీలమండల లోతు నీళ్లు. మధ్యాహ్నానికి మంచాలు మునిగాయి. బుడమేరు వాగుకు గండ్లు పడ్డాయని ఫోన్లలో వస్తోంది. మూడు కుటుంబాలవాళ్లం పై పోర్షన్‌లో సర్దుకున్నాం. అటు కృష్ణలో కూడా ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కరెంటు లేదు. పాల ప్యాకెట్లు పడవ మీద వస్తున్నాయి. మూడో రోజున, ఎవరి ఫోన్లోనో ఇంకా కాస్త చార్జింగ్ మిగిలుంటే వార్తలు పెట్టారు. ఇది వందేళ్లకోసారి వచ్చే వరద అని ఎవరో చెబుతున్నారు.

మామ్మగారి మొహం తేటపడింది. "అయితే ఇంకో వందేళ్ల దాకా భయం లేదన్నమాటేగా మాస్టారూ?"

ఊరుకుంటే పోయేది. పాఠాలు చెప్పే నోరు ఊరుకోదు కదా.

"అలా కాదండీ మామ్మగారూ. ప్రతి ఏడాదీ ఒక్కో శాతం అవకాశం ఉందని దానర్థం. ఈ ఏడు వచ్చినా, వచ్చే ఏడు మళ్లీ అదే ఒక శాతం. ముప్పై ఏళ్లు కలిపి లెక్కేస్తే ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం."

ఆవిడ కాసేపు నీళ్లకేసి చూశారు. "ఆ ఒక్క శాతం ఎక్కడుంటుంది మాస్టారూ? బుడమేట్లోనా, మీ లెక్కలోనా?"

నోరు తెరిచాను గానీ మాట రాలేదు. ఏట్లో ఉందంటే, ఏరన్నాక నీళ్లుంటాయి, మట్టి ఉంటుంది, శాతం ఎలా ఉంటుంది? లెక్కలో ఉందంటే, నా లెక్కను చూసి ఏరు పొంగదు కదా?

నీళ్లు తీశాక చూస్తే, నా బీరువాలో కింది అర మొత్తం బురద. ఎమ్మెస్సీ నుంచి నాతో ఉన్న గుప్తా, కపూర్‌ల స్టాటిస్టిక్స్ పుస్తకం పూరీలా ఉబ్బిపోయింది. దాన్ని డాబా మీద ఎండబెట్టి, పేజీలు అతుక్కోకుండా ఒక్కొక్కటే తిప్పుతూ, సంభావ్యత అధ్యాయం దగ్గర ఆగాను. ఎన్ని వందలసార్లు చెప్పిన పాఠమో. అనుకూల ఘటనల సంఖ్యను మొత్తం ఘటనల సంఖ్యతో భాగించు, ఘటనలన్నీ సమసంభవాలైతే. సమసంభవాలంటే? ఒక్కోదానికీ సమానమైన సంభావ్యత ఉన్నవి. అంటే సంభావ్యతను నిర్వచించడానికి సంభావ్యతనే వాడుకున్నాం. పద్నాలుగేళ్లు ఈ సందులోంచే నడిచాను, గోడ కనపడలేదు. రెండో నిర్వచనం, ప్రయోగాన్ని లెక్కలేనన్నిసార్లు చేస్తే వచ్చే నిష్పత్తి అంటుంది. నాణేన్నయితే ఎగరేస్తూ కూర్చోవచ్చు. 2025 వానాకాలాన్ని ఎన్నిసార్లు ఎగరేస్తాం?

ఆ ప్రశ్నతోనే పుస్తకాల వేట మొదలైంది. ఏలూరు రోడ్డు షాపుల్లో మొదటి సాయంత్రం భలే గడిచింది. ప్రాబబిలిటీ అనగానే బ్యాంకు పరీక్షల గైడ్లు చూపించారు. ఫిలాసఫీ అనగానే వివేకానందుణ్నీ, జిడ్డు కృష్ణమూర్తినీ తీశారు. రెండూ కలిపిన పుస్తకం కావాలంటే, కౌంటరు దగ్గర కుర్రాడు నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "అలాంటిది సిలబస్‌లో లేదు సార్" అన్నాడు. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల్లో మాత్రం సోవియట్ కాలపు మీర్ ప్రచురణ ఒకటి దొరికింది, వెంట్‌జెల్ అనే రచయిత్రి రాసిన చిన్న పుస్తకం. చక్కటి పుస్తకమే. కానీ అది లెక్క ఎలా చేయాలో చెబుతుంది, నాకు కావలసింది లెక్క దేని గురించి అన్నది.

ఓ యూనివర్సిటీ లైబ్రరీలో పూర్వ విద్యార్థిగా అడిగి లోపలికి వెళ్లాను. గణితం అరల్లో సంభావ్యత 519.2 దగ్గర ఉంది. నాకు కావలసినవి అక్కడ దాదాపు లేవు. తిరిగి వచ్చేస్తూ, ఎందుకైనా మంచిదని తత్త్వశాస్త్రం వైపు తొంగిచూస్తే, 160ల్లో, తర్కం పక్కన కొన్ని కనపడ్డాయి. లైబ్రరీల్లో పుస్తకాలకు నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతిలో ఈ విషయం ఇలా రెండు గదులకు చీలిపోతుంది. ఎవరైనా లైబ్రరీలో వెతికేట్టయితే రెండు చోట్లా చూడండి. స్టాటిస్టిక్స్ వాళ్లు అటు వెళ్లరు, ఫిలాసఫీ వాళ్లు ఇటు రారు. ఆ అరలో పుస్తకాల మీద దుమ్ము చూస్తే ఎవరూ ఎటూ వెళ్తున్నట్టు లేదు.

తర్వాత చేసిన తప్పులు చెప్పాలి, డబ్బులు పోసి చేసినవి. రష్యన్ గణితజ్ఞుడు కోల్మొగొరోవ్ పుస్తకం పేరులో ఫౌండేషన్స్ అనే మాట చూసి, పునాదులంటే తత్త్వమే కదా అని తెప్పించాను. 1933 నాటిది, సన్నటి పుస్తకం, గణితంలో దానికది సాటిలేనిది. సంభావ్యత అనేది ఏమైనా కానివ్వండి, ఈ సూత్రాలకు లోబడాలి అంటుంది, అంతే. మా హాలు గచ్చు మొత్తాన్ని ఒకటి అనుకుంటే, అందులో మంచం ఆక్రమించే వైశాల్యం కూడా ఆ సూత్రాలకు లోబడుతుంది. మరి గచ్చు సంభావ్యత కాదుగా! వాస్తవ ప్రపంచంతో సంబంధం గురించి మొదట్లో కాస్తంత చెప్పి, దానికి ఫాన్ మీజెస్ అనే ఆయన్ని చూడమని దారి చూపించి, కోల్మొగొరోవ్ తన పని తాను చూసుకున్నాడు. మీజెస్ పేరు రాసిపెట్టుకున్నాను. అంతకంటే పెద్ద తప్పు జేన్స్ అనే భౌతికశాస్త్రవేత్త రాసిన లావుపాటి గ్రంథం. సంభావ్యతంటే తర్కమే, తెలిసీ తెలియని చోట పనిచేసే తర్కం అని వాదిస్తాడు. మంచి ఊపున్న మనిషి, తనతో ఏకీభవించని వాళ్లనందరినీ దులిపేస్తూ పోతాడు. మిగతావాళ్లు ఏమంటున్నారో తెలియకుండా ఆ పుస్తకం చదివితే, తగాదాలో ఒక పక్షం మాటే విని తీర్పు చెప్పినట్టుంటుంది. రెండు అధ్యాయాల తర్వాత అటకెక్కించాను.

ఇంకోటి ఆన్‌లైన్‌లో తక్కువ ధరకని ఆర్డరిస్తే జిరాక్స్ కాపీ కుట్టి పంపారు. మధ్యలో పదహారు పేజీలు లేవు. సరిగ్గా నాకు కావలసిన అధ్యాయంలోనే. డబ్బులు వెనక్కి రావడానికి నెల పట్టింది.

అప్పటికి అర్థమైందేమంటే, ఉచితంగా దొరికేవాటిని ముందు చూసుకోకపోవడం నా బుద్ధితక్కువ. స్టాన్‌ఫర్డ్ తత్త్వశాస్త్ర విజ్ఞానసర్వస్వంలో అలన్ హాయెక్ రాసిన పెద్ద వ్యాసం ఉంది, సంభావ్యతకు ఎవరెవరు ఏమేం అర్థాలు చెప్పారన్న దాని మీద. అందరికీ ఉచితం. జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించి, బస్సులో చదివాను. మొదటిసారి సగం ఎక్కలేదు. అయినా ఊరి మ్యాపులా పనికొచ్చింది. ఏ వీధిలో ఎవరుంటారో తెలిసింది. టొరంటో యూనివర్సిటీ ప్రొఫెసర్ జోనథన్ వైస్‌బర్గ్ రాసిన పాఠ్యపుస్తకం కూడా మొత్తం ఉచితమే, బొమ్మలు బాగుంటాయి, లెక్కలంటే భయమున్నవాళ్లు దాంతో మొదలుపెట్టవచ్చు. కెయిన్స్ 1921లో వేసిన గ్రంథం పాతది కాబట్టి అదీ ఉచితంగా దొరుకుతుంది. అవును, ఆ అర్థశాస్త్రం కెయిన్సే.

నన్ను నిలబెట్టిన పుస్తకం మాత్రం ఇయన్ హ్యాకింగ్ 2001లో రాసిన పరిచయ గ్రంథం. సంభావ్యత మీద, చూసినవాటిని బట్టి చూడనివాటిని ఊహించే ఆగమన తర్కం మీద. ఒంటరిగా చదువుకునేవాడికి పక్కన అడగడానికి మనిషి ఉండడు. ఈ పుస్తకంలో ప్రతి అధ్యాయం చివరా అభ్యాసాలున్నాయి, వెనక జవాబులున్నాయి. తత్త్వం పుస్తకంలో జవాబులు ఉండటమేమిటని ముందు నవ్వుకున్నాను. కానీ వాటివల్లే తెలిసింది, నాకు అర్థమైందనుకున్నది సగం అర్థం కాలేదని. మొదట్లోనే కొన్ని తిక్క ప్రశ్నలు పెడతాడు. ఒకటి లాటరీ గురించి. 49 అంకెల్లో ఆరు ఎంచుకోవాలి. ఒక టికెట్ మీద 1, 2, 3, 4, 5, 6 అని ఉంది, ఇంకోదాని మీద చెల్లాచెదురుగా ఆరు అంకెలున్నాయి. ఏది కొంటారు? మా ఆవిణ్ని అడిగితే ఆలోచించకుండా రెండోదే అంది. "రెండూ ఒకటే" అన్నాను గర్వంగా. "ఒకటే అయితే మీరు ఒకటి రెండు మూడు కొని తెండి చూద్దాం" అంది. కొనను. మరి ఎందుకు కొనను? దాని మీద ఓ రాత్రి పోయింది.

హ్యాకింగ్ మధ్యలో ఓ చోట ఆగి, ఇంతకీ సంభావ్యత అంటే మీ ఉద్దేశం ఏమిటి అని అడుగుతాడు. మనం ఈ మాటను రెండు రకాలుగా వాడుతున్నాం అంటాడు. ఒకటి లోకంలో ఏది ఎంత తరచుగా జరుగుతుందో చెప్పే రకం, ఇంకోటి మనకు ఎంత నమ్మకమో చెప్పే రకం. బస్సు కనకదుర్గ వారధి దాటుతుండగా ఆ పేజీ చదివాను, గుంటూరులో మా చెల్లెలింటికి వెళ్తూ. ఇది మామ్మగారి ప్రశ్నే! ఏరా, లెక్కా? ఆయన ఇంకో పుస్తకం, 1975లో రాసినది, సంభావ్యత అనే భావన ఎలా పుట్టిందన్న చరిత్ర. అందులో ఇంకా గట్టిగా అంటాడు. 1654లో పాస్కల్, ఫెర్మా అనే గణితజ్ఞులు జూదం లెక్కల గురించి ఉత్తరాలు రాసుకున్న కాలం నుంచీ ఈ భావనకు రెండు మొహాలున్నాయట, ఒకటి పాచికల వైపు చూసేది, ఇంకోటి మన తెలివిడి వైపు చూసేది. అంటే మామ్మగారి ప్రశ్నకు మూడున్నర వందల ఏళ్లు దాటాయి.

ఆ తర్వాత డొనాల్డ్ గిలీస్ 2000లో వేసిన పుస్తకం. సన్నగా, సూటిగా ఉంటుంది. ఒక్కో సిద్ధాంతాన్ని దాని చరిత్రతో సహా చెప్పి, ఎక్కడ తట్టుకుంటుందో, ఎక్కడ కూలుతుందో చూపిస్తాడు. ఒక్కటే కొనగలిగితే హ్యాకింగ్ పరిచయ గ్రంథం కొనండి, రెండు కొనగలిగితే రెండోది ఇది. మెల్లర్ 2005 పుస్తకం కూడా మంచిదే అంటారు, కొన్ని పేజీలు చూశాను, నాకు గిలీస్ సరిపోయాడు.

ఈ రెండూ అయ్యాక గానీ ఆ సిద్ధాంతాలు చెప్పినవాళ్లు స్వయంగా రాసిన పుస్తకాల జోలికి వెళ్లలేదు. ఒక నోటుబుక్ పెట్టుకుని, మొదటి పేజీలో మామ్మగారి ప్రశ్న రాసి, ఒక్కో రచయిత దగ్గరికీ దాన్ని పట్టుకెళ్లాను. ఇలా ఒకే ప్రశ్నతో వెళ్లకపోతే ఈ పుస్తకాలు చదవడం చాలా కష్టం. అందరూ అన్నీ కరెక్టే చెబుతున్నట్టుంటుంది.

ఫ్రెంచి గణితజ్ఞుడు లాప్లాస్ 1814 నాటి తత్త్వ వ్యాసం ముందు చదివాను. చౌక ప్రచురణలో దొరుకుతుంది. జరగబోయేది అంతా నిర్ణయమై ఉంది, మనకు తెలియకే సంభావ్యత కావాలి అంటాడు. అంటే శాతం లెక్కలోనే ఉంది, ఏట్లో లేదు. ఆయన సూత్రం ఒకటి అందరికీ తెలిసిందే, రేపు సూర్యుడు ఉదయించడానికి ఎంత అవకాశం అన్నది. ఇప్పటిదాకా జరిగినన్నిసార్లకు ఒకటి కలుపు, మొత్తం సార్లకు రెండు కలుపు, భాగించు. దాన్ని మా ఇంటి మీద వేశాను. మామ్మగారు ఇల్లు కట్టింది 2007లో. 2023 దాకా 17 ఏళ్లలో ఇంట్లోకి నీళ్లు రాలేదు. అంటే 2024లో వచ్చే అవకాశం 19లో 1. వచ్చేసింది. ఇప్పుడు 18 ఏళ్లలో ఒకసారి, కాబట్టి 2025లో 20కి 2, అంటే పదింట ఒకటి. టీవీలో చెప్పిన ఒక శాతం ఎక్కడ, ఈ పది శాతం ఎక్కడ!

పైగా ఆ 17 ఏళ్లే ఎందుకు? 2005లోనూ బుడమేరు పొంగిందని వీధిలో పాతవాళ్లు చెప్పారు. ఇంటిని కాకుండా వీధిని లెక్కలోకి తీసుకుంటే అంకె మారిపోతుంది. దేన్ని దేనితో జతకట్టి లెక్కపెట్టాలన్న ఈ చిక్కు ఏ సిద్ధాంతంలోకి వెళ్లినా వెంటాడింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఏమీ తెలియనప్పుడు అన్నిటికీ సమానంగా పంచు అంటారు లాప్లాస్ దారివాళ్లు. సరే, బస్టాండు నుంచి మా ఇంటికి 6 కిలోమీటర్లనుకోండి. ఆటోకి 10 నిమిషాల నుంచి 20 నిమిషాల మధ్య ఎంతైనా పట్టవచ్చు, ఇంకేమీ తెలియదు. 15 నిమిషాల్లోపు చేరే అవకాశం ఎంత? సగం. ఇదే సంగతిని వేగంలో చెబుతాను. 10 నిమిషాలంటే గంటకు 36 కిలోమీటర్లు, 20 నిమిషాలంటే 18. ఆ మధ్యలో ఎంతైనా ఉండవచ్చు. 15 నిమిషాల్లోపు రావాలంటే వేగం 24 దాటాలి. 18 నుంచి 36 దాకా సమానంగా పంచితే, 24 దాటే అవకాశం మూడింట రెండు. అదే ఆటో, అదే రోడ్డు, అదే అజ్ఞానం. ఒకసారి సగం, ఒకసారి మూడింట రెండు. ఈ తరహా తికమకను ఫ్రెంచి గణితజ్ఞుడు బెర్ట్రాండ్ 1889లోనే వృత్తంలో గీతలతో చూపించాడు. నేను వృత్తాలతో కుస్తీ పట్టి, చివరికి ఆటోతో చేసుకుంటే గానీ నాకు ఎక్కలేదు.

కోల్మొగొరోవ్ దారి చూపించిన ఫాన్ మీజెస్ తర్వాత వచ్చాడు. 1928 పుస్తకం. ఈయనది పూర్తిగా ఎదురు దారి. సంభావ్యత అనేది ఒకే రకం ఘటనల పొడవాటి వరసకు మాత్రమే ఉంటుంది, విడి ఘటనకు ఉండదు. నలభయ్యో ఏడు నిండిన 85,020 మంది బీమా చేసుకున్న మగవాళ్లలో ఏడాది తిరిగేలోపు 940 మంది పోయారనీ, అంటే 0.011 అనీ లెక్క చూపించి, ఇది ఆ గుంపు గురించిన మాట, అందులో ఫలానా ఒక్క మనిషి గురించి అడిగితే అర్థం లేని ప్రశ్న అంటాడు. నాకు అప్పుడు 41. పుస్తకం మూసి, బీపీ చూపించుకొచ్చాను. గుంపుకే వర్తిస్తుందని ఆయనన్నా మనసు వినదు.

మరి మామ్మగారికి ఈయన ఏం చెబుతాడు? వచ్చే ఏడాది సంగతి నన్నడగవద్దు అంటాడు. జవాబు శుభ్రంగానే ఉంది, ఇంటి అద్దెలకి మాత్రం పనికిరాదు. తత్త్వవేత్త పాపర్ 1950ల్లో ఈ ఖాళీని పూడ్చబోయాడు. విడి ఘటనకూ సంభావ్యత ఉంది, అది ఏర్పాటులో ఉండే మొగ్గు అన్నాడు. ఏట్లో ఒక్కదానిలోనే కాదు, ఏరూ, పైన కొండల్లో వానా, వెలగలేరు రెగ్యులేటరూ, కట్టలూ, ఆక్రమణలూ అన్నీ కలిసిన మొత్తానికి ఆ మొగ్గు ఉంటుందన్నమాట. గండ్లు పూడ్చి కట్ట ఎత్తు చేస్తే మొగ్గు మారుతుంది. ఇది చదివినరోజు మామ్మగారికి చెప్పేద్దామన్నంత సంతోషం కలిగింది. కానీ ఆ మొగ్గు ఎంతో ఎలా తెలుస్తుంది అంటే, మళ్లీ పాత ఏళ్లు లెక్కపెట్టాలి. తిరిగి తిరిగి గుమ్మం దగ్గరికే వచ్చాం.

కెయిన్స్ కష్టంగా ఉన్నాడు, దాచుకోను. మధ్యలో గుర్తులతో నిండిన అధ్యాయాలు దాటేశాను. అయితే రెండు సంగతులు ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఒకటి, కొన్ని సంభావ్యతలకు అంకె ఇవ్వలేం, రెండిటిలో ఏది ఎక్కువో కూడా చెప్పలేం. గాలి ఒత్తిడి కొలిచే గొట్టంలో పాదరసం చూస్తే వాన రాదంటోంది, మబ్బులు చూస్తే నల్లగా ఉన్నాయి, ఏది ఎంతో తేల్చాలని పట్టుబట్టడం ఎందుకంటాడు. రెండోది, సాక్ష్యానికి బరువుంటుంది. 18 ఏళ్ల లెక్కతో వచ్చిన పదింట ఒకటీ, 1800 ఏళ్ల లెక్కతో వచ్చిన పదింట ఒకటీ అంకెలో సమానమే, బరువులో కాదు. నేను క్లాసులో ఎన్నడూ ఈ తేడా చెప్పలేదు.

కేంబ్రిడ్జి తత్త్వవేత్త ఫ్రాంక్ రామ్సే వ్యాసం నా వరకు అన్నిటిలోకీ గొప్పది. 1926లో రాశాడు, 1930 జనవరిలో 26 ఏళ్లకే పోయాడు, వ్యాసం అచ్చయింది 1931లో. నమ్మకాన్ని కొలవడం ఎలా? అడగొద్దు, ఆ మనిషి ఏం చేయడానికి సిద్ధపడతాడో చూడు అంటాడు. దారి చీలిన చోట నిలబడ్డావు, ఒకటి సరైనదని అనుకుంటున్నావు, దూరంగా పొలంలో ఎవరో కనపడ్డారు. అడిగి రావడానికి ఎంత దూరం నడుస్తావు? ఆ దూరమే నీ నమ్మకం ఎంతో చెబుతుంది. ఇటలీలో డి ఫినెట్టి కూడా విడిగా ఇదే దారికి వచ్చాడు. సంభావ్యత అనేదే లేదని పెద్దక్షరాల్లో ముందుమాటలో రాసిన మనిషి, దాన్ని మంత్రగత్తెల సరసన కూర్చోబెట్టాడు.

ఇదంతా ఎవరి ఇష్టం వాళ్లదేనా అని మా కాలేజీ ఫిజిక్స్ ఆయన టీ బడ్డీ దగ్గర వాదనకు దిగాడు. ఆయనకి క్రికెట్ పిచ్చి. "ఇండియా గెలిచే అవకాశం 60 శాతం" అన్నాడు. సరే, ఇండియా గెలిస్తే వంద రూపాయలిచ్చే చీటీని అరవైకి కొంటారా అన్నాను. కొంటానన్నాడు. కాసేపయ్యాక పిచ్ గురించి మాట్లాడి, అవతలి టీముకూ 60 ఉందన్నాడు. ఆ చీటీ కూడా అరవైకి అమ్మాను. డ్రా లేని మ్యాచ్. 120 పెట్టి కొన్నాడు, ఎవరు గెలిచినా వచ్చేది వందే. టీ డబ్బులు ఆయనే ఇచ్చాడు. నమ్మకాలు ఎవరివి వాళ్లవే కావచ్చు, కానీ ఒకదానితో ఒకటి పొసగకపోతే ఖాయంగా మునిగేలా పందెం కట్టించవచ్చు. పొసగాలంటే పాటించాల్సినవి, మనం పిల్లలకి చెప్పే ఆ సంభావ్యత సూత్రాలే. కోల్మొగొరోవ్ గచ్చు లెక్క ఇక్కడికెలా వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది.

2025 జనవరిలో పుస్తకాల పండగలో సి.ఆర్.రావు గారి చిన్న పుస్తకం గురించి ఒకాయన చెబితే, ఆ తర్వాత తెప్పించుకున్నాను. రామానుజన్ స్మారక ఉపన్యాసాలు, స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్ అని. నూజివీడు, నందిగామల్లో చదువుకున్న పిల్లవాడు ప్రపంచానికి స్టాటిస్టిక్స్ నేర్పాడు, 102 ఏళ్లు బతికి 2023లో వెళ్లిపోయాడు. కచ్చితం కాని జ్ఞానం కూడా, అది ఎంత కచ్చితం కాదో తెలిస్తే, వాడుకోదగిన జ్ఞానం అవుతుందని ఓ సమీకరణంలా రాస్తారు అందులో. తత్త్వపు తగాదాల్లోకి లోతుగా వెళ్లరు. అలసిపోయినప్పుడు చదువుకోవడానికి బాగుంది.

హ్యాకింగ్ చరిత్ర పుస్తకంలో ఒకచోట నలమహారాజు కనపడితే ఉలిక్కిపడ్డాను. సాయంత్రం మామ్మగారు అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తుంటే చెప్పాను. ఋతుపర్ణుడు రథం మీద పోతూ ఒక చెట్టుని చూసి, ఒక చిన్న రెమ్మని బట్టి రెండు పెద్ద కొమ్మలకి ఆకులెన్నో కాయలెన్నో చెప్పేశాడనీ, అది మేము చెప్పే శాంపిలింగేననీ.

"రెండు కొమ్మలకీ కలిపి 5 కోట్ల ఆకులు, 2095 కాయలు" అన్నాను.

"అంకెలు నాకు తెలీదు గానీ, అది తాండ్రచెట్టు" అన్నారావిడ. "తానికాయ. త్రిఫలచూర్ణంలో వేస్తారే, అది. బాహుకుడి వేషంలో ఉన్న నలుడు నమ్మలేదుగా, చెట్టు కొట్టి మరీ లెక్కపెట్టాడు. సరిపోయింది. అప్పుడు ఋతుపర్ణుడు అక్షహృదయం, అదే పాచికల విద్య, నేర్పాడు, ఈయనలోంచి కలి పోయి ఆ చెట్టులోనే దూరాడు."

పూర్వం పాచికలుగా వాడినవి కూడా ఆ తానికాయలే. కాయలు లెక్కపెట్టే విద్యా, పాచికలాడే విద్యా ఒకే మనిషి దగ్గర, ఒకే చెట్టు కింద ఉన్నాయన్నమాట. నన్నయ గారి నలోపాఖ్యానం ఇంట్లోనే ఉంది, ఆ కోణంలో ఎప్పుడూ చూడలేదు. మామ్మగారు మాత్రం "చెట్టు కొట్టి చూశాడు కాబట్టి నమ్మాడు, మీరు వానాకాలాన్ని ఎలా కొట్టి చూస్తారు?" అని చింతపండు గిన్నె పట్టుకుని లోపలికి వెళ్లిపోయారు.

ప్రస్తుతం తత్త్వవేత్త రిచర్డ్ జెఫ్రీ చివరి పుస్తకం చదువుతున్నాను. దాని ప్రతి కూడా ఆయన ఉచితంగా అందరికీ పెట్టి వెళ్లాడు. డి ఫినెట్టి అసలు గ్రంథం రెండు సంపుటాలు, మొదటిది సగం దగ్గర ఉంది, నడక నెమ్మది. జేన్స్‌ని అటక మీది నుంచి దించాను, ఇప్పుడు బాగానే నచ్చుతున్నాడు, అరుపులు కూడా.

2025 జూన్‌లో పై పోర్షన్ ఖాళీ అయింది. అద్దెకడగడానికి మనుషులొచ్చారు, ఎనిమిది వేలకు. మామ్మగారు ఇవ్వనన్నారు. జూలై, ఆగస్టు, సెప్టెంబరు ఖాళీగా ఉంచుతారట. నీళ్లొస్తే ఫ్రిజ్జూ, మంచాలూ, బియ్యం డబ్బాలూ పైకి చేరవేయడానికి. నాతో కూడా బీరువా పైకెక్కించమన్నారు.

"అక్టోబరు కూడా ఉంచుకోండి మామ్మగారూ, ఆ నెలలోనూ వానలు పడతాయిగా" అన్నాను.

"అయ్యబాబోయ్, ఇంకో ఎనిమిది వేలా? వద్దు."

కిందటేడు ఆవిడకి పోయిన సామాను మూడు లక్షల దాకా ఉంటుంది. మూడు నెలలంటే 24 వేలు, దానికి ఒప్పుకున్నారు. నాలుగు నెలలంటే 32 వేలు, దానికి ఒప్పుకోలేదు. మూడు లక్షల మీద చూస్తే, ఎనిమిది శాతానికి సరేనన్నారు, పదిన్నర దాటితే కాదన్నారు. ఆవిడ శాతం ఆ మధ్యలో ఎక్కడో ఉంది. లాప్లాస్ సూత్రం చెప్పిన పదింట ఒకటి కూడా ఆ మధ్యలోనే పడింది. అక్టోబరు నెలకి మిగతా వాటంత ముప్పు లేదు కదా అని మీరనవచ్చు, నిజమే, లెక్క అంత తిన్నగా ఉండదు. అయినా నోటుబుక్ మొదటి పేజీలో ప్రశ్న కింద 24, 32 అని రాసుకుని, బీరువా మోయడానికి లేచాను.